మరణశాసనము: అధికారమా, ఋణమా?

తన సొత్తును తన తదనంతరము తనకిష్టమైనవారికి వ్రాసియిచ్చు అధికారము మనుష్యునకు గలదా? ఈ ప్రశ్నకు న్యాయశాస్త్రము సంశయింపక, గలదని చెప్పుచున్నది. ఆ అధికారమును తోచినట్లెల్ల వాడుకొనుట ధర్మమేనా? ఈ రెండవ ప్రశ్నకు న్యాయస్థానము బదులు చెప్పదు, చెప్పవలసినవాడు వ్రాయువాడే. వీలునామాను గూర్చి న్యాయవాదులయొద్దకు వచ్చు గృహస్థులు సాధారణముగా మొదటి ప్రశ్నతోనే తృప్తినొంది పోవుచుందురు. రెండవదానిని విడిచినచో మొదటిదానివలన ఎంతటి అన్యాయము జరుగగలదో విచారించుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

కరీంనగరము, ఆదిలాబాదు అను మన ప్రాత జిల్లాలు 2016 అక్టోబరులో పలు జిల్లాలుగా విడిపోయినను, ఇచ్చటి కుటుంబముల బ్రదుకు ఒక్కటియే. గోదావరి, మానేరు నీళ్లు పారు పొలమొకరికి. రామగుండము, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గుగనులలో పనిచేసి కూడబెట్టిన భవిష్యనిధి యొకరికి. సిరిసిల్లలో నాలుగు మరమగ్గములొకరికి. గల్ఫు దేశమునుండి పంపిన ధనముతో కట్టిన యిల్లొకరికి. కోరుట్ల, జగిత్యాల, నిర్మల్ ప్రాంతములలో బీడీలు చుట్టు స్త్రీలకు సైతము ప్రావిడెంటు ఫండు గలదు. కావున మరణశాసనము జమీందారులకు మాత్రమే సంబంధించినదను భావము నేటికి చెల్లదు. అయినను వీలునామా వ్రాయుమనుట అశుభమును పలుకుటయని మనవారిలో ననేకుల తలంపు. వ్రాసిననాడు చచ్చినవాడు లేడు. వ్రాయకుండుటచే చావు తప్పించుకొన్నవాడును లేడు.

మన పూర్వులకు మరణశాసనము తెలియదు. విజ్ఞానేశ్వరుడు మితాక్షరను రచించినది కల్యాణి చాళుక్యుల రాజధానిలో. నేటి కర్ణాటకములోని బసవకల్యాణము. పదమూడవ శతాబ్దమున కేతన ఆ గ్రంథమును తెనుగుపద్యములలోనికి దెచ్చెను. ఆ ధర్మము ననుసరించి కుమారునకు పిత్రార్జితమున హక్కు పుట్టుకతోనే కలుగును; తండ్రి కలమునకు దానిని తీసివేయు శక్తి లేదు. హిందువుల మరణశాసనములు ఆంగ్లేయుల న్యాయస్థానములలో పెరిగి బలపడినవి. పిఠాపురపు రాజుగారు తమ సంస్థానమును కుమారునకు మరణశాసనముచే నొసగగా, దత్తపుత్రుడు వ్యాజ్యమాడెను. పంచుకొన వీలులేని సంస్థానమును దాని యేలిక మరణశాసనముచే నియ్యవచ్చునని 1899లో లండనులోని ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పినది. స్వతంత్ర భారతదేశమున 1956 నాటి హిందూ వారసత్వ చట్టము, ఉమ్మడి కుటుంబపు ఆస్తిలోని తన భాగమును సైతము హిందువు మరణశాసనముచే నియ్యవచ్చునని 30వ ప్రకరణమున శాసించినది. సంస్థానాధిపతికి లండనువరకు పోయిన పిమ్మట దొరికిన స్వాతంత్ర్యము నేడు రెండెకరముల రైతునకును గలదు.

ఇంతటి స్వాతంత్ర్యము ఎల్ల దేశములలో లేదు. ఫ్రాన్సు దేశమున 1804 నాటి న్యాయసంహిత కాలమునుండియు తండ్రి ఎట్లు వ్రాసినను సంతానమునకు కొంత భాగము తప్పక దక్కును. ఇంగ్లండు చిరకాలము వ్రాయువానికి పూర్ణస్వేచ్ఛ నిచ్చి, అందలి కీడును గ్రహించి, 1938లో భార్యకును ఆధారములేని బిడ్డలకును పోషణమిప్పించు అధికారమును న్యాయస్థానములకిచ్చినది. మన పొరుగువారైన ముసల్మానుల ధర్మశాస్త్రము, అప్పులు తీరగా మిగిలిన సొత్తులో మూడవ వంతుకు మించి వసీయతు వ్రాయనీయదు. మన హిందూ గృహస్థునకు మాత్రము స్వార్జితము విషయమున కట్టుబాటు ఇంచుమించుగా లేనేలేదు. ఆధారపడినవారు మృతుని ఆస్తినుండి పోషణము కోరవచ్చునని 1956 నాటి పోషణ చట్టము చెప్పును. అది పోషణమే కాని భాగము కాదు. చట్టము చేయి పట్టుకొననిచోట మనస్సాక్షి పట్టుకొనవలెను.

ఈ విషయమున రామమోహన రాయల రచనలు రెండు స్మరింపదగినవి. 1822లో నాయన స్త్రీల ప్రాచీన దాయహక్కులను తరువాతివారెట్లు హరించిరో చూపుచు చిన్న గ్రంథమును ప్రకటించెను. 1830లో వంగదేశ ధర్మము ననుసరించి పిత్రార్జితముపై స్వామికిగల స్వాతంత్ర్యమును సమర్థించుచు మరియొక గ్రంథము వ్రాసెను. మొదటిది భాగమునకు వాదము. రెండవది స్వేచ్ఛకు వాదము. ఒక్కడే యీ రెంటిని వాదించుట విరుద్ధముగా తోచవచ్చును. నాకట్లు తోచదు. స్వేచ్ఛ లేనివాడు న్యాయము చేయలేడు. న్యాయము చేయని స్వేచ్ఛకు గౌరవము లేదు. మరణశాసనమునందు ఈ రెండును ఒక్క కాగితముపై కలిసికొనవలెను.

మాట స్పష్టమగుటకు లెక్కవేసి చూతము. ఒక గృహస్థునకు పండ్రెండెకరముల పిత్రార్జితము, భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు కలరనుకొనుడు. 1956 చట్టముయొక్క ప్రాత రూపమున ఆయన వ్రాయక మరణించినచో, మొదట తండ్రికిని కొడుకులిద్దరికిని తలకు నాలుగెకరములుగా భావించి, పిదప తండ్రి నాలుగెకరములను నలుగురు వారసులకు పంచుదురు. కొడుకులకు ఐదేసి యెకరములు, కూతునకు ఒకటి, భార్యకు ఒకటి. కూతురును పుట్టుకతోనే భాగస్వామిని చేయు సవరణను ఆంధ్రప్రదేశము 1986లో చేసి, 1985 సెప్టెంబరు 5వ తేదినుండి అమలు జరిపినది. అది ఆనాటికి పెండ్లికానివారికే వర్తించెను. 2005 సెప్టెంబరు 9 నుండి కేంద్ర సవరణ పెండ్లియైనవారికిని ఆ హక్కునిచ్చినది. ఆ దినమునకు తండ్రి జీవించియుండవలెనన్న నియమము లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు వినీతాశర్మ వ్యాజ్యమున తేల్చినది. 2004 డిసెంబరు 20వ తేదికి ముందు రిజిస్టరు పత్రముచే గాని కోర్టు డిక్రీచే గాని జరిగిన పంపకములను మాత్రము తిరుగదోడరాదు.

నేటి లెక్క యిది: తండ్రి, కొడుకులిద్దరు, కూతురు తలకు మూడెకరములు. తండ్రి మూడెకరములు నలుగురికి పంచగా తలకు ముప్పది గుంటలు. ముగ్గురు బిడ్డలకు మూడెకరముల ముప్పదేసి గుంటలు. భార్యకు ముప్పది గుంటలు. చదువరులు గమనింపుడు: కూతునకు న్యాయము జరిగినది, కాని భార్యభాగము ఎకరమునుండి ముప్పది గుంటలకు తగ్గినది. దక్షిణదేశపు ఆచారమున బిడ్డలతోడి పంపకములో భార్యకు ప్రత్యేకభాగము లేకుండుటయే దీనికి కారణము. ఈ లోటును తీర్పగలది వీలునామా యొక్కటే. ఆ గృహస్థు తన మూడెకరములను భార్యకు వ్రాసినచో నలుగురికిని సరిగా మూడేసి యెకరములు వచ్చును. అదే మూడెకరములను కొడుకులకే వ్రాసినచో వారికి నాలుగున్నరేసి, కూతునకు మూడు, ముదుసలి భార్యకు శూన్యము. ఆ పండ్రెండెకరములు స్వార్జితమైనచో కూతునకును శూన్యమే కావచ్చును. కలమొక్కటే, కాగితమొక్కటే. చట్టము మిగిల్చిన లోటును పూడ్చునదియు, చట్టమిచ్చిన మేలును తుడిచివేయునదియు నదియే.

మన ప్రాంతమున నేడు రెండవ ఉపయోగమే హెచ్చుచున్నది. కూతునకు హక్కు వచ్చినదని వినినంతనే తండ్రి కొడుకుల పేర వ్రాయించుటకు వచ్చును. అందుకు చెప్పు కారణములు మూడు. కట్నమిచ్చితిమందురు. కట్నమును 1961 చట్టము నిషేధించినది. నేరముగా నిచ్చినదానిని న్యాయభాగమునుండి మినహాయించుట యెట్లు? అదియునుగాక కట్నము పోయినది అల్లుని చేతికి, వియ్యంకుని చేతికి, కూతురిచేతికి వచ్చినదెంత? ఆమె వేరింటి పిల్లయందురు. ఆ వేరింట ఆమెకు కష్టము వచ్చిననాడు తిరిగి చేరవలసిన గడప ఏది? కొడుకులు మమ్ము సాకెదరందురు. ఇది బలమైన వాదమే, నిజమైనచో. కాని తల్లిని ఒక నెల పెద్దకొడుకింట, ఒక నెల చిన్నకొడుకింట వంతులవారీగా త్రిప్పు గ్రామములను మనమెరుగుదుము. ఆ వంతులనుండి తప్పించి తల్లిని తనయింట నుంచుకొన్న కూతుండ్రను ఎరుగుదుము.

అందరికిని సరిసమానముగా నిచ్చుటయే ధర్మమని నేను చెప్పుట లేదు. వికలాంగుడైన కుమారునకు, భర్తను కోల్పోయిన కోడలికి, పెండ్లి మాని తలిదండ్రుల సేవించిన కూతునకు అధికముగా నిచ్చుట న్యాయమే. హెచ్చుతగ్గులకు అవసరము, సేవ, ఋణము కారణములైనచో అది ధర్మము. ఆడ, మగ యను భేదమొక్కటియే కారణమైనచో అది అధర్మము. దీనికి సులభమైన పరీక్ష గలదు. హెచ్చు తగ్గులకు కారణమును వీలునామాలోనే రెండు వాక్యములలో వ్రాయుడు. తక్కువ పొందిన బిడ్డ యెదుట ఆ వాక్యములను బిగ్గరగా చదువగలిగితిరా, ఆ వీలునామా న్యాయమైనది. చదువుటకు నోరు రాకున్నచో కలము దించుడు.

వ్రాయక మౌనముగా పోవుట నిష్పక్షపాతమని కొందరి భావన. వ్రాయనివాని భారము బ్రదికియున్నవారిపై, అందును దుర్బలులపై పడును. తండ్రి కర్మలు ముగిసిన పిదప భూమిని విరాసత్ చేయించుకొనుటకు తహసీల్దారు కార్యాలయమున వారసులందరి సమ్మతి కావలసివచ్చును. అప్పుడు అన్నదమ్ములు అక్కచెల్లెండ్రను సంతకమడుగుదురు. పెట్టినచో భాగము పోవును. పెట్టకున్నచో పుట్టినిల్లు పోవును. పసుపుకుంకుమల పేర ఒక చీరయు, కొంత రొక్కమును చేతబెట్టి హక్కు విడుదల వ్రాయించుకొనుటయు గలదు. తోబుట్టువును భాగమునకును బంధుత్వమునకును నడుమ నిలిపినది అన్నదమ్ములు మాత్రమే కాదు. నోరు విప్పక పోయిన తండ్రియు.

గల్ఫులో పనిచేయుచు అకస్మాత్తుగా మరణించు యువకుని సంగతి ఇంతకంటె దుఃఖకరము. అతనికి ముప్పది యేండ్లు; వీలునామా తలంపే యుండదు. బ్యాంకులో పెండ్లికి ముందు వ్రాసిన నామినీ పేరు తండ్రిదో, అన్నదో అయియుండును. నామినీ సొమ్మును తీసికొనువాడే కాని సొంతదారుడు కాడని జీవితభీమా విషయమున సుప్రీంకోర్టు 1984లోనే చెప్పినది. అయినను సొమ్ము ఒకసారి చేయి మారిన పిదప భార్య దానిని రాబట్టుకొనుటకు వ్యాజ్యమాడవలెను. నామినీ లేనిచో పెద్ద మొత్తములకు సివిలు కోర్టునుండి వారసత్వ ధ్రువపత్రమును తేవలసి వచ్చును. భర్త బాకీలకు వచ్చిన అప్పులవాండ్రు అంతవరకు ఆగరు. ఇందుకు నివారణ అత్యల్పము: పెండ్లియైన వారమునందే నామినీ పేరు మార్పించుట. 2025 నవంబరు 1 నుండి బ్యాంకు నిక్షేపములకు నలుగురివరకు నామినీలను వ్రాయవచ్చును. గనికార్మికుడును, బీడీకార్మికురాలును తమ భవిష్యనిధి విషయమున ఇట్లే సరిచూచుకొనవలెను.

స్త్రీలు సైతము వీలునామా వ్రాయవలెనను మాట మన సభలలో వినబడదు. 1956 చట్టముయొక్క 15వ ప్రకరణము ననుసరించి, సంతానములేని వితంతువు వ్రాయక మరణించినచో ఆమె స్వార్జితము మొదట పోవునది భర్తయొక్క వారసులకు. ఆమెను కని పెంచిన తల్లికి కాదు. తలిదండ్రులనుండి వారసత్వముగా వచ్చినది మాత్రము పుట్టింటివైపు మరలును. అత్తవారు వెడలగొట్టగా పుట్టింటచేరి ఉద్యోగము చేసిన ఒక వితంతువు సొత్తు సైతము భర్తవైపువారికే చెందునని 2009లో సుప్రీంకోర్టు చట్టముననుసరించి తీర్పు చెప్పవలసివచ్చినది. ఒక ఉపాధ్యాయిని, ఒక నర్సు ఇది తెలిసికొని ఒక్క కాగితము వ్రాసియుంచినచో ఆ యన్యాయము తప్పును.

వీలునామా వ్రాయుట కష్టకార్యము కాదు. స్టాంపు కాగితము అక్కరలేదు, తెల్లకాగితము చాలును. వ్రాయువాడు పదునెనిమిదేండ్లు దాటి, స్వస్థబుద్ధితో, ఒకరి బలవంతము లేక వ్రాయవలెను. ఆయన సంతకమునో వ్రేలిముద్రనో ఇద్దరు సాక్షులు చూచి, ఆయన యెదుట తాము సంతకములు చేయవలెను. ఆయన మరణించిన పిదప ఆ సాక్షులలో ఒకరైనను కోర్టున చెప్పవలసియుండును గనుక, సాక్షులు వయసున చిన్నవారై, లాభము పొందనివారై యుండుట మేలు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. చేయించినచో కాగితము మార్చిరను అపవాదునకు చోటు తగ్గును. బ్రదికియున్నంతవరకు మార్చుకొనవచ్చును, రద్దుచేసికొనవచ్చును. ఆంగ్లేయుల ప్రెసిడెన్సీ నగరములైన కలకత్తా, మద్రాసు, బొంబాయిలయందు హిందువుల వీలునామాలకు విధించిన ప్రొబేటు నిర్బంధము మన జిల్లాలకెన్నడును వర్తింపలేదు. అంతమాత్రమున నిరూపణ అక్కరలేదని తలంపరాదు. తగవు వచ్చినచో, వీలునామావలన లాభము పొందువాడే దానిని వ్రాయించుటలో ముందుండినచో, సహజవారసులను కారణములేక విడిచినచో, ఆ సందేహములను తొలగించు భారము దానిని చూపువానిదేయని 1958లో సుప్రీంకోర్టు వేంకటాచల అయ్యంగారి వ్యాజ్యమున తీర్పు చెప్పినది. ఎవరు ఎవరి చాటున వ్రాయించినను ఆ చాటే రేపు వీలునామాకు శత్రువగును.

వీలునామాకును దానపత్రమునకును భేదమెరుగక చెడినవారు పెక్కండ్రు. వీలునామా మరణానంతరము ఫలించును. దానపత్రము రిజిస్టరైన దినముననే సొత్తును చేయి దాటించును. తమను పోషింతురను నమ్మకముతో ఇల్లు, పొలము ముందే వ్రాసియిచ్చి తరువాత అన్నమునకు ఎదురుచూచు వృద్ధులకొరకే 2007లో తలిదండ్రుల పోషణచట్టము వచ్చినది. పోషింపవలెనను షరతుతో నిచ్చిన దానమును, ఆ షరతు తప్పినచో రద్దు చేయించుటకు 23వ ప్రకరణము వీలు కల్పించును. కావున దానము చేయువారు ఆ షరతును పత్రమునందే వ్రాయింపవలెను. వృద్ధాప్యమున వ్రాసియిచ్చుటకంటె వ్రాసియుంచుట మేలు. ఇదియును మరువరాదు: తనకు లేని హక్కును ఎవడును వీలునామాచే నియ్యలేడు. సాదాబైనామాతో కొన్న భూమి, తాతపేరనే నిలిచిపోయిన పట్టా, అన్నదమ్ములమధ్య నోటిమాటపై జరిగిన పంపకము, వీనిని బ్రదికియుండగనే సరిచేసికొనవలెను. 2025 ఏప్రిలులో భూభారతి చట్టము అమలులోనికి వచ్చినది. దానిక్రింద పేరు సరిచేయించుకొనుట తండ్రిపని, బిడ్డలకు వదలిపెట్టు పని కాదు.

పట్టణవాసులమైన మనము చట్టము మనవైపుననే యున్నదని గర్వించుటకు ముందు ఉట్నూరు, ఆసిఫాబాదు వైపు చూడవలెను. గోండులు, కొలాములు మొదలగు గిరిజనులకు 1956 నాటి వారసత్వ చట్టము కేంద్రప్రభుత్వపు ప్రత్యేక ప్రకటన లేక వర్తింపదు. వారిని నడుపునది కులాచారము. ఛత్తీస్‌గఢులోని ఒక గిరిజన కుటుంబపు వ్యాజ్యమున, ఆడుబిడ్డకు భాగము లేదను ఆచారము నిరూపితము కానిచో సమత్వమే ప్రమాణమని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పినది. ఆచారమునే చట్టముగా గలవారికి న్యాయస్థానమిట్లు సమత్వమును చెప్పుచుండగా, చట్టమునందు సమత్వమును పొందిన మనము వీలునామాద్వారా ఆచారమునకు మరలుట విద్యావంతులకు తగునా?

మనుష్యుని సొత్తు కేవలము వాని కష్టఫలము కాదు. పొలము దున్నినది భర్తయైనచో నాటువేసినది, కలుపుతీసినది భార్య. మగ్గము భర్తపేరనున్నను కండెలు చుట్టినవి ఇంటి స్త్రీలచేతులు. తమ్ముని చదువుకొరకు బడి మానినది అక్క. ఈ లెక్క యే పాసుపుస్తకమునను ఉండదు. దానిని వ్రాయుటకు గృహస్థునకు దొరకు కడపటి పుట మరణశాసనము. కావున దానిని అధికారపత్రముగా గాక అప్పుతీర్చు పత్రముగా భావింపుడు. మొదట ఇయ్యవలసిన బాకీలను వ్రాయుడు. పిదప భార్య నివసించు ఇంటిని, తినుటకు భూమిని ఆమె పేర వ్రాయుడు. పిదప బిడ్డలను ఆడ, మగ యనక లెక్కించి, హెచ్చుతగ్గులకు కారణములు చెప్పుడు. ఆరోగ్యముగా నున్న దినముననే, భార్యాబిడ్డలనందరిని కూర్చుండబెట్టి, చదివి వినిపించి సంతకము చేయుడు. మీరు పోయిన పిదప ఆ యింట ఏడ్పు ఉండును. అది మీకొరకైన ఏడ్పుగానే యుండనిండు.